మధ్యలో కూర్చున్న డబ్బా

ఉద్యోగం చేసినన్నాళ్లూ నేను చేసిన పని ఒక్కటే, ఇద్దరి మధ్యలో కూర్చోవడం. సగం కాలం టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో కూర్చున్నాను, మిగతా సగం ఇంటర్నెట్ కంపెనీలో. రెండు చోట్లా జనం నన్ను తలుచుకునేది లైను పోయినప్పుడే. లైను బాగున్నప్పుడు మధ్యలో ఒక మనిషి ఉందని ఎవరికి గుర్తుంటుంది?

ఈమధ్య నల్గొండలో ఒక కాలేజీ వాళ్లు పిలిస్తే వెళ్లాను. "మీ ఉద్యోగంలో మర్చిపోలేని రోజు చెప్పండి మేడం" అని పిల్లలు అడిగారు. పిడుగు పడి సర్వర్లన్నీ కాలిపోయిన కథలాంటిది ఆశించినట్టున్నారు. అలాంటివీ ఉన్నాయి. కానీ నాకు మర్చిపోలేని రోజున ఒక్క వైరూ తెగలేదు, ఒక్క మిషనూ ఆగలేదు. అన్నీ మేము చెప్పినట్టే పనిచేశాయి, గొడవంతా అక్కడే వచ్చింది. అక్కడ టైం లేక సగమే చెప్పాను. ఇందులో ఉన్నవాళ్లు సరేనన్నాకే పూర్తిగా ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఎక్స్ఛేంజి సంగతి కొంచెం చెప్పాలి. నేను చేరిన కొత్తలో ట్రంక్ కాల్ అని ఉండేది. దూరం ఊరికి ఫోన్ చేయాలంటే మాకు చెప్పాలి, మేము అవతలి ఎక్స్ఛేంజిని పిలిచి రెండు లైన్లూ కలపాలి. మా సూపర్‌వైజర్‌ను అందరం పెద్దమ్మ అనేవాళ్లం. చేతిలో ఎప్పుడూ వక్కపొడి డబ్బీ ఉండేది. నన్ను కుర్చీలో కూర్చోబెట్టిన మొదటి రోజే ఒక మాట చెప్పింది.

"పిల్లా, లైన్ కలిపేటప్పుడు ముందుగాల 'నల్గొండ మాట్లాడుతున్న' అనాలె. మధ్యల మనమున్నమని ఆళ్లకు ఎరుకుండాలె. ఇగ లైన్ల ఏమన్న ఇనవడ్డదనుకో, అది ఆడ్నే మర్చిపోవాలె. మన సంగతి దాచొద్దు, ఆళ్ల సంగతి చెప్పొద్దు. గంతే ఉద్యోగం."

గంతే ఉద్యోగమా అని అప్పుడు నవ్వుకున్నాను. తర్వాత నేర్చుకున్న కోర్సులన్నీ కలిపినా దానికంటే పెద్దగా ఏమీ చెప్పలేదు.

ఎక్స్ఛేంజిలు మనుషులు అక్కర్లేని మిషన్లయ్యాక నన్ను డేటా సెక్షన్లో వేశారు. కొన్నేళ్ల తర్వాత స్వచ్ఛందంగా రిటైరై నల్గొండలోనే ఒక ప్రైవేటు కంపెనీలో చేరాను. ఆ యజమాని ఒకప్పుడు వీడియో క్యాసెట్లు కిరాయికిచ్చేవాడు. తర్వాత డిష్ పెట్టి కేబుల్ కనెక్షన్లు ఇచ్చాడు, ఆ తర్వాత అదే స్తంభాల మీద ఇంటర్నెట్ వైరు లాగాడు. నన్ను అక్కా అనేవాడు, కోపమొస్తే మేడం అనేవాడు. పదిమందిలో నేను సార్ అనేదాన్ని, ఎవరూ లేనప్పుడు తమ్మీ అనేదాన్ని. మాకు జగడం వచ్చిందో లేదో స్టాఫ్‌కు ఈ పిలుపుతోనే తెలిసిపోయేది.

తెలంగాణ వచ్చిన కొత్తల్లో మా వైరు నల్గొండ దాటి మహబూబ్‌నగర్ దాకా, అంటే మేమంతా పాలమూరు అనే ఊరి దాకా పోయింది. అక్కడి నుంచి నారాయణపేటకూ పోయింది. అప్పటికి నారాయణపేట ఇంకా పాలమూరు జిల్లాలోనే ఉంది. ఊళ్లు పెరిగాయి కానీ హైదరాబాదు నుంచి వచ్చే లైను మాత్రం అదే సన్న లైను. అది రోడ్డు పక్కనే వచ్చేది. చిట్యాల దగ్గర ఎవరైనా గుంత తవ్వుతున్నారంటే మాకు ఇక్కడ గుండె దడ. లైను తెగకుండా ఉన్న రోజున కూడా, పొద్దు వాలేసరికి అందరూ ఒక్కసారే నల్లా తిప్పినట్టయ్యేది. ఎవరికీ సరిగా అందేది కాదు.

పెద్ద లైను తీసుకొమ్మంటే మా యజమాని "చూద్దాం అక్కా" అనేవాడు. ఆయన చూద్దాం అన్నాడంటే ఇక అది చూడాల్సిన పని లేదు. అప్పుడు వచ్చింది డబ్బా.

అసలు పేరు ట్రాన్స్‌పరెంట్ ప్రాక్సీ. మాకు మాత్రం డబ్బానే. మా కంట్రోల్ రూంలో ఉన్న ఒక సర్వరు అది. ఏ ఊళ్లో ఎవరు ఏ పేజీ అడిగినా ఆ అడిగిన మాట ముందు దీని దగ్గరికి వస్తుంది. ఇది వెళ్లి ఆ పేజీ తెచ్చి ఇస్తుంది, ఒక కాపీ తన దగ్గర దాచుకుంటుంది. ఇంకొకరు అదే పేజీ అడిగితే బయటికి పోకుండా దాచిన కాపీ తీసి ఇస్తుంది. లైను మీద బరువు తగ్గుతుంది, పేజీ తొందరగా వస్తుంది. మామూలుగా ఇలాంటిది వాడాలంటే ప్రతి కంప్యూటర్లో దాని చిరునామా రాసిపెట్టాలి. ఊరూరా ఇల్లిల్లూ తిరిగి అది రాసేదెవరు? అందుకని దారిలోనే మాట పట్టుకునేట్టు పెట్టాం. ఎవరినీ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. డబ్బా ఉన్నట్టు ఎవరికీ తెలియకపోవడమే దాని గొప్ప.

"మీ నెట్ మస్తు ఫాస్ట్ అయింది" అని జనం ఫోన్ చేసి మరీ చెప్పారు. కంప్లయింట్ నంబరుకు మెచ్చుకోలు రావడం నేను ఉద్యోగంలో చూసింది అప్పుడే.

అట్లని అన్నీ సుఖాలే అని కాదు. డబ్బా వేడెక్కితే, లైను నిక్షేపంగా ఉన్నా రెండు జిల్లాలకు నెట్ పోయేది. అందుకని దానికి ఏసీ, మాకు ఫ్యాను. బయటి సైట్లకు మా కస్టమర్లంతా ఒకే చిరునామా నుంచి వస్తున్నట్టు కనిపించేది. ఒక్క మనిషే ఇన్ని వందలసార్లు తలుపు కొడుతున్నాడేమిటి అని కొన్ని సైట్లు అనుమానపడి అందరినీ బయట నిలబెట్టేవి. పొద్దున నెట్‌లో పేపరు తెరిస్తే నిన్నటి పేపరే వస్తోందని ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు గారు రోజూ తిట్టేవారు. తాళం వేసిన సైట్లుంటాయి, బ్యాంకుల్లాంటివి. వాటి లోపల ఏముందో డబ్బాకు కనబడదు, కాపీ చేసుకోలేదు. అప్పటికి తాళం లేని సైట్లే ఎక్కువ కాబట్టి మా పని నడిచింది. ఏదైనా వస్తుంటే ఏదో ఒకటి పోతుంది, పోయేది చిన్నదైతే చాలని మేమంతా అనుకున్నాం.

డబ్బాను చూసుకునే పిల్లవాడు ఒకడుండేవాడు. పిల్లవాడంటే ఇంజినీరే, పాలమూరు వైపువాడు, మనిషి చురుకు. ఎవరైనా కష్టం చెప్పుకుంటే చేతులు కట్టుకుని కూర్చోలేడు. ఆ గుణమే కొంప ముంచింది.

ఆ ఏడు డిగ్రీ సీట్లన్నీ ఆన్‌లైన్లో ఇస్తామన్నారు. పిల్లలు సైటులోకి వెళ్లి తమకు కావాల్సిన కాలేజీలు వరసగా పెట్టుకోవాలి. వాటినే ఆప్షన్లు అంటారు. పెట్టుకున్నాక ఫ్రీజ్ అని ఒక బటన్ నొక్కాలి. నొక్కితే ఇక మార్చడానికి ఉండదు. ఆ సైటుకు అప్పట్లో తాళం లేదు. రాష్ట్రమంతా దాని మీదే పడటంతో అది నత్తలా నడిచింది. నెట్ సెంటర్ల ముందు ఎండలో ఆడపిల్లలు నిలబడి ఉన్నారని ఊరూరి నుంచి ఫోన్లు వచ్చాయి. మా ఇంజినీరు ఒక ఉపాయం చేశాడు. ప్రతి సైటూ తన పేజీల్లో ఏది దాచుకోవచ్చో, ఏది దాచుకోకూడదో డబ్బాకు చెబుతుంది. ఈ సైటు ఏదీ దాచుకోవద్దంది. వాడు డబ్బాకు ఇంకో మాట చెప్పాడు, సైటు వద్దన్నా సరే దాచుకొమ్మని.

"కాలేజీల లిస్టులు అందరికీ ఒక్కటే గదా మేడం. ఒక్కొక్కరికి మళ్లా మళ్లా తెచ్చుడెందుకు?" అన్నాడు. నాకూ సబబే అనిపించింది. సైటు రయ్యిమంది. మా యజమాని వాడికి బిర్యానీ తెప్పించాడు.

లిస్టులతో ఆగితే బాగుండేది. డబ్బాకు లిస్టు ఏదో, ఒక పిల్ల సొంత పేజీ ఏదో తెలియదు. దాచమంటే అన్నీ దాచింది. ఒక పిల్ల తన పేరుతో తెరిచిన పేజీని, ఆ పిల్లే వచ్చిందని సైటు గుర్తుపట్టే చీటీతో సహా దాచి, తర్వాత అడిగిన ఇంకో పిల్లకు ఇచ్చింది.

దీన్ని మేము కనిపెట్టలేదు. నారాయణపేట భాయ్ వల్ల బయటపడింది.

భాయ్ అక్కడ మా కేబుల్ ఆపరేటరు. బస్టాండు దగ్గర నెట్ సెంటర్ కూడా నడిపేవాడు. ఆయనకొక చెడ్డ అలవాటు ఉండేది. తన సెంటర్లో ఎవరు ఏ దరఖాస్తు పెట్టినా ఫోన్ నంబరు అడిగిన చోట తన నంబరే కొట్టేవాడు. పాస్‌వర్డులూ మెసేజీలూ ఊరందరివీ ఆయన ఫోన్లోనే. ఇది తప్పని నేను ఎన్నోసార్లు గట్టిగా చెప్పాను.

"మేడం, మీరు కోపం చేయకున్రి" అనేవాడు. "గొర్లెంబడి పోయినోని ఫోన్ల చార్జింగ్ ఉంటదా? మగ్గం మీద కూసున్నోడు మెసేజ్ చూస్తడా? అది నాకొస్తె నేను బండేసుకొని పోయి చెప్పొస్త. ఆళ్లకు ఫికర్ ఉండది."

ఆప్షన్ల ఆఖరి రోజు పొద్దున్నే భాయ్ ఫోన్ చేశాడు.

"మేడం, గిదేందో సమజైతలేదు. నిన్న నా కాడ ఇద్దరు పిల్లలు ఫ్రీజ్ కొట్టిండ్రు. ఒకరెనుక ఒకరు. ఫ్రీజైనట్టు మెసేజ్ రెండుసార్లొచ్చింది. గని రెండూ ఒక్క పిల్ల పేరు మీదనే ఉన్నయి. రెండో పిల్లకు రానే రాలే."

"ఎవరా పిల్లలు?"

"ఒకామె మగ్గమోల్ల బిడ్డ, ఈడ ఊళ్లెనే. మెసేజులు ఆమె పేరు మీదొచ్చినయి. ఇంకో పిల్ల గొర్లు కాసెటోల్ల బిడ్డ, జర దూరం పల్లె. ఆమెది కాలీ ఉన్నది మేడం, ఒక్క కాలేజి లేదు. గా పిల్లకు పాలమూరుల హాస్టలున్న కాలేజి రాకుంటె సదువు బందే. ఆల్ల ఊరికెళ్లి దినాం వచ్చిపోను బస్సు లేదు."

నేను ఇంజినీరు వైపు చూశాను. స్పీకర్లో వాడూ విన్నాడు. నేనేమీ అడగకముందే, "మేడం, పేజీ మారింది. గొర్లోల్ల పిల్ల తన ఆప్షన్లు ఇంకో పిల్ల పేజీల కొట్టింది" అన్నాడు. పైన చిన్న ఇంగ్లిషు అక్షరాల్లో ఎవరి పేరుందో ఆ గాభరాలో ఎవరు చూస్తారు? డబ్బా ఇచ్చింది ఫ్రీజ్‌కు ముందు దాచిన పేజీ, అందులో బటన్ ఇంకా ఉంది, నొక్కితే సైటూ కాదనలేదు. ముందు పెట్టుకున్న పిల్ల ఆప్షన్లు చెరిగిపోయాయి. వెనక వచ్చిన పిల్ల ఆప్షన్లు ముందరి పిల్ల పేరు మీద ఫ్రీజై తాళం పడ్డాయి. సాయంత్రం సైటు మూసేస్తారు.

మొదటి పని తేలికే. డబ్బాను ఆ సైటు దారిలోంచి తప్పించాం. అయితే లైను మళ్లీ సన్నబడింది. డబ్బా ఉంటే పేజీలు కలగాపులగం, లేకపోతే పేజీయే రాదు. ఆఖరి రోజు పిల్లలందరూ సెంటర్ల ముందే ఉన్నారు. సాయంత్రం దాకా పాటలూ వీడియోలూ ఆపెయ్యమని ఇంజినీరుకు చెప్పాను. ఇక చూడండి, మా ఫోన్లు మోగడం! సీరియల్ సగంలో ఆగిందని ఒకావిడ, క్రికెట్ ఆగిందని నలుగురైదుగురు. ఇంజినీరు అన్ని తిట్లూ తానే తిన్నాడు. ఎవరికీ ఫోన్ ఇవ్వలేదు. పాపం, మంచికి పోతే చెడు ఎదురైంది.

ఆపరేటర్లందరికీ చెప్పించాం. మీ దగ్గర ఫ్రీజ్ కొట్టిన ప్రతి పిల్లనూ మళ్లీ పిలవండి, పేజీ తెరిపించండి, పైనున్న పేరు గట్టిగా చదివించండి అని. ఆ మధ్యాహ్నం నల్గొండ పక్కనున్న పానగల్ నుంచి నారాయణపేట దాకా నెట్ సెంటర్లలో పిల్లలు తమ పేర్లు తాము పైకి చదువుకున్నారు. భాయ్ లాంటి అలవాటు మిగతావాళ్లకు లేదు కాబట్టి వాళ్ల దగ్గర ఎవరికీ అనుమానమే రాలేదు. చదివిస్తే ఇంకొందరివి తారుమారైనట్టు తేలింది. నేను ఇన్నాళ్లు తిట్టిన అలవాటు లేకపోతే, వాళ్లందరూ సీట్లు వచ్చే రోజు దాకా హాయిగా నిద్రపోయేవాళ్లు.

అసలు చిక్కు తర్వాతది. ఖాళీగా ఉన్నవాళ్లు మళ్లీ పెట్టుకోవచ్చు. తాళం పడ్డవాళ్లకు మాత్రం హైదరాబాదులోని హెల్ప్‌లైన్ వాళ్లు తియ్యాలి. తియ్యాలంటే ఎందుకో చెప్పాలి. విద్యార్థి తప్పు నొక్కితే తియ్యరు, ఆ సంగతి సైటు మీదే రాసి ఉంది.

యజమాని తలుపు వేసి కూర్చున్నాడు.

"అక్కా, మనకాడ గా డబ్బా ఉన్నదని ఎవలకన్న తెలుసా?"

"తెలువది."

"మరి మనమెందుకు చెప్పుకోవాలె? జిల్లాల సర్కారాఫీసులన్నిటికి మన కనెక్షనే. గిట్ల మధ్యల కూసుండి ఆళ్ల కాయితాలు దాస్తున్నరని తెలిస్తె ఒక్కడుంచుకుంటడా? పిల్లలే తప్పు నొక్కిండ్రని చెప్పు. పల్లెటూరి పిల్లలు, చెప్తె నమ్ముతరు."

"నమ్ముతరు తమ్మీ. అందుకే చెప్పను."

"గిది మస్తు నష్టం."

"నష్టమే."

ఆయన చెడ్డవాడు కాదు. స్తంభం స్తంభం ఎక్కి వైరు కట్టుకుని పైకొచ్చిన మనిషి. ఆ కనెక్షన్లు పోతే జీతాలు ఎలా ఇవ్వాలన్నది ఆయన గుండెలో నిజంగా ఉన్న భయమే. ఆ జీతాల్లో నాదీ ఒకటి. కోపంగానే ఉంది నాకు, భయంగానూ ఉంది. కాసేపు నావైపు చూసి లేచాడు. "నీ ఇష్టం. నేనైతే ఇనలే" అని చాయ్ తాగడానికి బయటికి పోయాడు. అడ్డం పడలేదు. యజమానుల్లో అంతమాత్రం దొరకడమూ కష్టమే.

హెల్ప్‌లైన్ ఫోన్ చాలాసేపు మోగి మోగి ఎత్తారు. నా నోట్లోంచి మొదట వచ్చిన మాట, "నల్గొండ మాట్లాడుతున్న." అన్నేళ్ల తర్వాత ఎక్కడి నుంచి వచ్చిందో నాకే తెలియదు. తర్వాత ఉన్నదున్నట్టు చెప్పాను. అవతలి అధికారి మొదటి నుంచి మళ్లీ చెప్పించుకున్నాడు.

"అంటే, మా సైటుకూ పిల్లలకూ నడుమ మీరు కూసున్నరా?"

"అవును సార్."

"మేము దాచొద్దన్నవి దాచిండ్రు."

"దాచినం."

"ఎవరినడిగి?"

"ఎవరినీ అడగలే."

ఆయన తిడితే బాగుండేది. తిట్టలేదు. "పేర్లు చెప్పున్రి, తాళాలు తీపిస్త. ఈ సంగతి రాతపూర్వకంగ పంపున్రి, మా పైవాళ్లకు పోవాలె" అన్నాడు. పేర్లు చెప్పాను. ఉత్తరమూ పంపాను. మా కనెక్షన్లకు నీళ్లు వదులుకున్నట్టేనని పంపుతున్నప్పుడే తెలుసు.

అక్కడ భాయ్ బండి మీద గొర్లవాళ్ల పల్లెకు పోయాడు. పిల్ల ఇంట్లో లేదు, బాపుతో గొర్ల మందలో ఉంది. చెలకల్లో వెతికి పట్టుకున్నాడట. బాపు గొర్రెలను పాలివాడికి అప్పగించి, ముగ్గురూ ఒక్క బండి మీద వచ్చారు. పిల్ల పేజీ తెరిచింది, పేరు చదివింది, పాలమూరు హాస్టల్ కాలేజీ మొదట పెట్టింది, బటన్ నొక్కింది. ఈసారి మెసేజ్ ఆ పిల్ల పేరుతోనే వచ్చింది. భాయ్ అది నాకు ఫోన్లో చదివి వినిపించాడు. అడక్కుండానే రెండోసారీ చదివాడు. నాకు కళ్లు తడిశాయి, దాచుకోవడమెందుకు?

ఇక మిగిలింది మగ్గమోళ్ల పిల్ల. తాళం తీశారని చెబుదామని ఆ పిల్లను ఫోన్లోకి పిలిపించాను. మేము ఇంత చేసింది ఈ తాళం కోసమే కదా.

"బిడ్డా, నీ పేజీ తెరిచిండ్రు. నీవి నువ్వు మళ్ల పెట్టుకో."

అవతల మగ్గం చప్పుడేమీ లేదు. సెంటర్లో పిల్లల గోలే వినిపిస్తోంది. ఆ పిల్ల గొంతు బాగా తగ్గించింది.

"మేడం, ఇప్పుడున్నయి గట్లనే ఉంచొచ్చునా?"

"ఇప్పుడున్నయి ఇంకో పిల్లయి బిడ్డా. పాలమూరు హాస్టల్ కాలేజి."

"ఎరుకే."

"నువ్వు ముందుగాల ఏం పెట్టినవ్?"

"ఈడ ఊళ్లెదే. ఒక్కటే పెట్టుమన్నడు బాపు. పొద్దుమాపు నూలు కండెలు సుట్టనీకి ఇంటికాడుండాలెనని."

"నీకేం కావాలె?"

నేను ఆగాను. లైన్లో మాట రాకపోతే ఆగడం నాకు అలవాటైన పనే.

"గిదే" అంది.

"పద్దెనిమిది నిండినయా?"

"నిండినయి మేడం."

"అయితె పేరు సదివి నొక్కు."

నొక్కింది. ఆప్షన్లు ఒక్క అక్షరం మారలేదు. గొర్లవాళ్ల పిల్ల పొరపాటున పెట్టినవే మగ్గమోళ్ల పిల్ల కావాలని పెట్టుకుంది. భాయ్‌ను పిలిచి, ఈ పిల్ల ఏం పెట్టిందో మనకు తెలియదు అన్నాను. ఆయనకు రెండోసారి చెప్పాల్సిన పని పడలేదు.

మా యజమానికి మాత్రం చెప్పక తప్పలేదు. తలుపు వేసి ఇంకెవరికీ చెప్పొద్దని ఒట్టు పెట్టించుకుని చెప్పాను. ఆయన నన్ను అదోలా చూశాడు.

"గా పిల్ల అట్లనే ఉంచుకున్నదా? గీ తాళం కోసమేనా నువ్వు మన కనెక్షన్లన్ని మునగొట్టింది? కందకు లేని దురద కత్తికెందుకక్కా!"

నవ్వు ఆపుకోలేకపోయాను. కొంచెంసేపటికి ఆయనా నవ్వాడు. మిగతా పిల్లలు తమ తాళాలు తీయించుకుని తమవి తాము పెట్టుకున్నారు కాబట్టి మాట దక్కింది. తర్వాత ఆఫీసుల కనెక్షన్లు ఒక్కొక్కటీ పోయాయి. పోతున్నకొద్దీ ఆయన నన్ను మేడం అనడం మొదలుపెట్టాడు. మళ్లీ అక్కా అనడానికి దసరా దాకా పట్టింది. ఇంజినీరును తీసేస్తాడనుకున్నాం, తీసెయ్యలేదు. వాడిప్పుడు హైదరాబాదులో పెద్ద కంపెనీలో ఉన్నాడు. కొత్తగా చేరినవాళ్లకు మొదటి రోజు, ఏ పేజీ తెరిచినా పైన పేరు చదవమని చెబుతాడట. వాళ్లకు ఎందుకో తెలియదు.

డబ్బా మీద కోపం పెట్టుకోకండి. దాచమంటే దాచింది, ఇవ్వమంటే ఇచ్చింది. కాకపోతే పెద్దమ్మ చెప్పిన ఉద్యోగాన్ని తలకిందులుగా చేసింది. తన సంగతి దాచుకుంది, ఒకరి సంగతి ఇంకొకరికి చూపించింది. కొన్నేళ్లకు సైట్లన్నీ తాళాలు వేసుకున్నాయి. డబ్బాకు కాపీ చేసుకోవడానికేమీ మిగల్లేదు. ఏసీ మాకు వచ్చింది.

మళ్లీ ఆ ఏటికే వస్తాను. సీట్లు ఇచ్చారు. ఇద్దరు పిల్లలకూ పాలమూరే వచ్చింది. మర్నాడు మధ్యాహ్నం నా ఫోన్ మోగింది. భాయ్ నంబరే, కానీ గొంతు వేరే.

"మేడం, నమస్తె. నేను నారాయణపేటల మగ్గం నడుపుత. నా బిడ్డకు పాలమూరు కాలేజి వడ్డది. మేం పెట్టింది ఈడి కాలేజి. భాయినడిగితె, నాకేం ఎర్కలేదు, మేడంనడుగున్రి అంటుండు. మీ డబ్బా తప్పువల్ల అయిందట గదా? ఊళ్లె అందరనుకుంటున్నరు."

భాయ్ తన మాట నిలబెట్టుకుని, కాలుతున్న కట్టెను నా చేతికిచ్చాడు. కాదంటే ఆ పిల్ల ఇంట్లో ఏమవుతుందో నాకు తెలుసు. అవునంటే, యజమానితో అంత కొట్లాడి నిజం చెప్పిన నేనే ఇప్పుడు దాన్ని సగానికి కోసినట్టు. పక్కన ఇంజినీరు నావైపే చూస్తున్నాడు. పెద్దమ్మ ఉంటే ఏమనేదో ఆలోచించాను.

"అవునన్నా" అన్నాను. "మధ్యల డబ్బా పెట్టింది మేమే. నీ బిడ్డ పేజీల ఇంకొకరి ఆప్షన్లు వడ్డయి. తప్పు మాది."

చెప్పినదాంట్లో అబద్ధం ఒక్క ముక్క లేదు. నిజం మొత్తమూ లేదు. మా సంగతి చెప్పాను. ఆ పిల్ల సంగతి ఆ పిల్ల చెప్పుకోవాలి, ఎప్పటికైనా, తనకు వీలైనప్పుడు.

"ఇగ మార్చనీకి రాదా?"

"తారీకు అయిపోయిందన్నా."

భాయ్ దుకాణం ముందు బస్సు హారన్ వినిపించింది. పెట్టేశాడేమో అనుకున్నాను. పెట్టెయ్యలేదు.

"మేడం" అన్నాడు, "గా హాస్టల్ల బువ్వ మంచిగ పెడ్తరా? నా బిడ్డ కారం తినది."

నాకు తెలియదు. తెలుసని చెప్పడం తేలికే, కానీ చెప్పలేదు.

"జర లైన్ల ఉండన్నా, కనుక్కొని చెప్త" అన్నాను. రెండో ఫోన్ తీసి పాలమూరు హాస్టల్‌కు కలిపాను. అటు ఎవరో ఎత్తారు. "నల్గొండ మాట్లాడుతున్న" అన్నాను. ఇటు ఆయన లైన్లోనే ఉన్నాడు.